ఉప్పునీళ్లో, మందో

ఈ చేతులున్నాయే, ఇవి ఏనాడూ వణకలేదు. గొప్పకు చెప్పడం కాదు. జీవితమంతా ఫొటో స్టూడియో వెనకగదిలో కూర్చుని నెగెటివ్‌ల మీద టచింగ్ చేసిన చేతులివి. గరుకు కాగితం మీద అరగదీసి సూదిమొన చేసిన పెన్సిల్‌తో, గోరంత ముఖం మీద ఆవగింజలో సగమున్న మచ్చను ఊపిరి బిగబట్టి చుక్కచుక్కగా మూసేసిన చేతులు. ఒకసారి భూకంపం వచ్చింది. గోడ మీది ఫొటోల్లో పెద్దమనుషులంతా ఒకరి తర్వాత ఒకరు నేల మీదికి దూకారు. మా యజమాని బల్లకింద దూరి దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచాడు. నేను మాత్రం ఒక పెళ్లికూతురి కనుబొమ మీద ఆనించిన పెన్సిల్ ఎత్తలేదు. ఊరంతా ఊగింది, నా గీత ఊగలేదు. మర్నాడు ఎవరో ఇంజినీర్లు వచ్చి, ఈ చుట్టుపక్కల కదలకుండా నిలిచింది ఆ కనుబొమ ఒక్కటేనని తేల్చి, దాన్ని ఆధారం చేసుకుని భూమి ఎంత జరిగిందో కొలుచుకుపోయారు. ఈ కథ నర్సమ్మకు చెబుదామని నోరు తెరిచాను. ఆ అమ్మాయి అప్పుడే నా ఎడమ జబ్బకు సూది వేసి, దూది పెట్టి, గుండ్రటి పట్టీ అంటించి, కుడి జబ్బకు బీపీ పట్టీ చుట్టి, "తాతగారూ, గంటసేపు ఈ కుర్చీలోంచి లేవకూడదు. ఏమన్నా తేడాగా అనిపిస్తే వెంటనే చెప్పాలి" అనేసి వెళ్లిపోయింది. తేడా అంటే ఏమిటో చెప్పలేదు. నా కథ నోట్లోనే ఉండిపోయింది.

తేడా అంటే ఏమిటి. గొంతు బిగుసుకోవడమా, గుండె దడా, ఒళ్లు దురదా, లేక ఊరికే భయమా. భయమే తేడా అయితే నేను పొద్దున గుమ్మం దిగినప్పుడే చెప్పి ఉండాల్సింది. కుర్చీ పడక్కుర్చీలాంటిది, వెనక్కి వాలితే పైకప్పు పలకలు కనిపిస్తాయి, వాటిలో ఒకదాని మూల నీళ్లు కారిన మరక. మరకను చూడగానే నా వేళ్లు పెన్సిల్ కోసం తడుముకున్నాయి, పాత అలవాటు. పక్కన స్టూలు మీద మా ఆవిడ, ఒళ్లో సంచి, సంచి మీద రెండు చేతులు, ఎవరైనా లాక్కుపోతారన్నట్టు. ఎదుటి కుర్చీలో డ్రిల్లు మాస్టారు. పిల్లలకు జీవితమంతా కవాతు నేర్పి రిటైరైన మనిషి, నాకొచ్చిన క్యాన్సర్ మచ్చలాంటిదే వీపు మీద లేచింది ఆయనకు. నాకంటే కాస్త ముందు ఆయనకు సూది పడింది. ఇంకెవరూ లేరు. బీపీ పట్టీ ఉన్నట్టుండి తనంతట తనే ఉబ్బి నా జబ్బను పట్టుకుంది, సంతలో తప్పిపోతున్న పిల్లాడి రెక్క పట్టుకున్నట్టు. కాసేపు బిగించి, ఆలోచించి, వదిలేసింది. వదిలిన ప్రతిసారీ ఏదో తప్పించుకున్నట్టుంటుంది. ఏం తప్పించుకున్నానో తెలియదు.

ఇదంతా మడమతో మొదలైంది. నా ఎడమ మడమ మీద కందిగింజంత పుట్టుమచ్చ. మా ఊరి బళ్లో చేర్చుకునేటప్పుడు మాస్టారు నన్ను సంతలో దూడను తిప్పినట్టు తిప్పి చూసి, ఒంటి మీద ఇంకే గుర్తూ దొరక్క, దాన్నే గుర్తింపు చిహ్నంగా రాశారు. అప్పటినుంచి నేను నేనేనని ఎవరికైనా రుజువు కావాలంటే కాలెత్తి చూపించాల్సిన బతుకు అయింది నాది. దాని పక్కనే ఇంకొకటి లేచింది. మచ్చకు చెల్లెలు పుట్టిందే అన్నాను మా ఆవిడతో. "ఈ వయసులో చెల్లెలేమిటండీ, ఎవరికైనా చూపించండి" అంది. చెల్లెలు పొరుగు స్థలంలోకి జరిగే ప్రహరీగోడలా ఒక్కో ఏడూ కాస్త కాస్త జరిగింది, అంచులు చెదిరాయి, గజ్జల్లో బిళ్ల కట్టింది. చెప్పు కరిచి ఉంటుందిలే అనుకున్నాను. కోశారు. మడమ కోశారు, బిళ్ల తీశారు, తొడ మీది చర్మం తెచ్చి మడమకు అతుకేశారు. కొత్తదీ పోయింది, దాని పక్కన ఉన్న పాపానికి పాతదీ పోయింది. అంతా తీసేశామండీ అంది డాక్టరమ్మ, చాలా మర్యాదగా. అని ఊరుకుంటే బాగుండేది. కానీ కంటికి కనపడని కణాలు ఒకటీ అరా ఎక్కడైనా దాక్కుని ఉండొచ్చు అంది. దాక్కుని. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా ఒళ్లు నాకు మేడమీద ఎవరో నడుస్తున్న ఇల్లులా ఉంది. స్నానం చేస్తూ చంకలో తడుముకుంటాను, మెడకింద తడుముకుంటాను. దగ్గొస్తే ఆగిపోతాను, అది ఉత్త దగ్గేనా లేక ఎవరైనా లోపల్నుంచి తలుపు తట్టారా అని.

అప్పుడు చెప్పింది డాక్టరమ్మ ఈ టీకా సంగతి. నా గడ్డ ముక్కనూ నా రక్తాన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదువుతారట. గడ్డలో ఉండి రక్తంలో లేని తేడాలు ఏవో ఏరి, ఆ తేడాలతోనే మందు తయారుచేస్తారట. అది ఒంట్లోకి వెళ్లి మన కాపలా కణాలకు, ఇదుగో ఈ గుర్తులున్నవాడు ఎక్కడ కనిపించినా వదలొద్దు అని చెబుతుందట. "ఇది మీ ఒక్కరి కోసమే తయారయ్యే మందండీ. లోకంలో ఇంకెవరికీ పనికిరాదు" అంది. మా ఆవిడ తలాడించి, "ఈయన ఒక్కరి కోసం తయారైన వస్తువు పుట్టి ఇన్నాళ్లకు ఇదేనమ్మా. పెళ్లినాటి చొక్కా కూడా వాళ్లన్నయ్యదే" అంది. డాక్టరమ్మ నవ్వింది. నవ్వు ఆరకముందే మిగతాది చెప్పింది. ఈ మందు ఇంకా పరీక్షలో ఉంది. మామూలుగా ఎక్కించే మందు అందరికీ ఎక్కిస్తారు. దాని మీద ఈ టీకా మాత్రం ఇద్దరిలో ఒకరికే. రెండోవాళ్లకు ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో మాకు తెలియదు, సూది వేసేవాళ్లకు తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. ఏళ్లు గడిచాక అందరి సంగతీ కలిపి చూసినప్పుడు బయటపడుతుంది. మరి ఉప్పునీళ్లవాడి మందు ఏమవుతుందమ్మా అని అడిగాను. అందరికీ తయారుచేయిస్తామండీ, వేయనివి అలాగే మంచుపెట్టెలో ఉంటాయి అంది.

మంచుపెట్టెలో ఉంటాయి. నా కోసమే పుట్టి, నాకు తప్ప ఇంకెవరికీ అక్కరకురాని చిన్న సీసా, ఎక్కడో చీకట్లో, నా పేరు కప్పుకుని, చలికి గడ్డకట్టి, నేనెప్పుడు వస్తానా అని చూస్తూ. నేనేమో ఇక్కడ, పడక్కుర్చీలో, జబ్బలో ఉప్పునీళ్లతో. సూది వేసేటప్పుడు దాని రంగు చూద్దామనుకున్నాను. సిరంజికి చుట్టూ కాగితం చుట్టి తెచ్చారు, పరదాలో తెచ్చిన పెళ్లికూతురిలా. రుచి చూస్తే ఉప్పో కాదో చెప్పేస్తానమ్మా, ఒక్క చుక్క నాలిక మీద వెయ్యమన్నాను. నర్సమ్మ నవ్వుతూనే కండలో దించేసింది. మంట లేదు, చురుకు లేదు. కుట్టనైనా కుట్టని చీమ. అప్పుడు మొదలైంది అసలు భయం. మందంటే ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టాలి కదా.

నా భయాన్ని ఆ డాక్టరమ్మే పెంచింది, మంచి మనసుతోనే. నాకు అర్థం కావాలని ఒక పోలిక చెప్పింది. "దొంగ ఫొటో పోలీసులందరికీ పంచినట్టు అనుకోండి" అంది. ఎవరితో అంటోందో తెలియదు పాపం. ఫొటో చూసి మనిషిని పట్టుకోవచ్చని నమ్మేవాళ్లు నమ్మవచ్చు, నేను నమ్మలేను. నెగెటివ్‌లో అన్నీ తలకిందులు. నలుపు తెల్లగా ఉంటుంది, తెలుపు నల్లగా. ముఖం మీద మచ్చ ఉన్నచోట చిన్న కిటికీ తెరిచినట్టు వెలుగు వస్తుంది. ఆ కిటికీని పెన్సిల్‌తో మూసేస్తే మచ్చ పుట్టనట్టే. అలా నేను మూసిన కిటికీలు పక్కపక్కన పెడితే ఒక మేడ కట్టవచ్చు. ఒకతనికి ముఖమంతా మెరుగులు దిద్ది ఇస్తే, వాళ్లమ్మ ఆ ఫొటో చూసి, ఈ అబ్బాయెవరో ఈడూజోడూ కుదిరేట్టున్నాడు, మన అమ్మాయికి అడుగుదామా అంది. సొంత కొడుకును అల్లుణ్ణి చేసుకోబోయింది మహాతల్లి. ఇంకొకాయన పాస్‌పోర్టుకని ఫొటో తీయించుకుంటే, అలవాటు కొద్దీ చెంప మీది మచ్చ మూసేశాను. గేటు దగ్గర ఆఫీసరు ఫొటో చూసి, ముఖం చూసి, ఆ మచ్చ నీకెక్కడిదని వెనక్కి పంపేశాడు. నాలాంటివాడు అక్కడ కూడా ఒకడు ఉండడని ఏమిటి నమ్మకం. నా దొంగ ముఖాన్ని అక్షరాలుగా దించే చోట, శుభ్రతంటే పడిచచ్చేవాడొకడు కూర్చుని, ఈ గీత వికారంగా ఉందే అని ఒక్క చుక్క సరిచేస్తే. పైగా ఈ దొంగ పరాయివాడు కాదు, నా ఇంట్లో పుట్టినవాడు, నా ముక్కు, నా చెవులు, నా నడక. ఎక్కడో నాలుగు అక్షరాలు తేడా. కాపలావాళ్లు ఫొటో పట్టుకుని వీధివీధి తిరిగి వాణ్ణి వదిలేసి నన్ను పట్టుకుంటే. నేను కాదురా బాబూ అనడానికి ఉన్న ఒక్క గుర్తునూ మడమతో సహా కోసేశారు. పట్టీ మళ్లీ ఉబ్బి నా రెక్క పట్టుకుంది. ఈసారి వదలడానికి ఎక్కువసేపు పట్టినట్టనిపించింది.

"ఏం పెద్దాయనా, మీ చెయ్యి ఏమంటోంది?" ఎదుటి కుర్చీలోంచి డ్రిల్లు మాస్టారు. ఆయన మామూలుగా మాట్లాడినా మైదానం అవతలికి వినిపిస్తుంది.

"ఏమీ అనడం లేదు మాస్టారూ. అత్తారింటికి కొత్తగా వచ్చిన కోడలిలా ఉంది."

"నాది గుంజుతోంది. జబ్బ బరువెక్కింది చూడండి, ఎత్తలేకపోతున్నా."

ఎత్తలేకపోతున్నానంటూనే ఎత్తి చూపించాడు. ముఖం వెలిగిపోతోంది. నేను నా జబ్బను నొక్కి చూసుకున్నాను. ఇద్దరిలో ఒకరికి అంది కదా డాక్టరమ్మ. ఇద్దరం ఉన్నాం. ఆయన జబ్బ గుంజుతోంది, నాది గుంజడం లేదు. ఇక లెక్కేముంది. ఆయనది మందు, నాది ఉప్పునీళ్లు. ఆయన ముందు వచ్చాడు, ముందు సూది వేయించుకున్నాడు. ఆటో దొరకలేదని నేను సందుచివర నిలబడి ఉన్నంతసేపట్లో నా ప్రాణం ఆయన వంతుకు వెళ్లిపోయింది. మా ఆవిడ చెవిలో ఈ మాటే అన్నాను. "ఆటో ఆలస్యమైతే ప్రాణాలు పోతాయా ఏమిటండీ, ఊరుకోండి" అంది. కానీ సంచి మీది చేతులు ఇంకాస్త బిగిశాయి. ఆవిడ కూడా ఆ లెక్కే వేసిందని నాకు తెలిసిపోయింది.

చిన్నప్పుడైతే ఈ అనుమానమే ఉండేది కాదు. బడికి మశూచి టీకాలాయన సైకిలు మీద వచ్చేవాడు. చేతిలో ముళ్లున్న బిళ్ల, జబ్బ మీద పెట్టి గిర్రున తిప్పేవాడు. నేను గోడ దూకి, పొలాలకు అడ్డంపడి, ఆగకుండా పరుగెత్తి పక్కూరి బళ్లో దూరాను. అక్కడ పిల్లలంతా వరసలో నిలబడి ఉన్నారు. ఏదో పంచుతున్నారని నేనూ నిలబడ్డాను. తీరా చూస్తే అక్కడా టీకాలే. వేయించుకుని ఏడుస్తూ ఇంటికొస్తే మా ఊరి టీకాలాయన మా గుమ్మంలో మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతూ నా కోసమే చూస్తున్నాడు. రెండో జబ్బకూ తిప్పాడు. అప్పటి టీకాకు మాట మీద నిలబడే గుణం ఉండేది. వాచేది, పొంగేది, చీము పట్టేది, జ్వరం మూడు దుప్పట్లు అడిగేది, చివరికి రూపాయి బిళ్లంత మచ్చ పెట్టి, వచ్చివెళ్లాను అని సంతకం చేసేది. స్టూడియోలో ఆ మచ్చలు ఎన్ని మూశానో. పొట్టి చేతుల జాకెట్లొచ్చాక ప్రతి పెళ్లికూతురికీ ముక్కుకంటే ముందు జబ్బే చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కావాలి నాకు అలాంటి మచ్చ ఒకటి. నేను మూయను. తలుపులా తెరిచి పెట్టుకుంటాను, వచ్చిపోయేవాళ్లందరికీ చూపిస్తాను.

మొన్న మా మనవరాలికి బళ్లో టీకా వేశారు. ఆడపిల్లలకు పెద్దయ్యాక గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్‌ను ఇప్పుడే రానీకుండా చేస్తుందట. పుట్టని దొంగకు ముందే కాపలా. "నాకేం నొప్పి వెయ్యలేదు తాతా. నువ్వు కూడా ఏడవకు" అని పొద్దున ఫోన్లో ధైర్యం చెప్పింది. దానికి రాకముందు వేశారు, నాకు వచ్చిపోయాక. పోయిందో లేదో తెలియనప్పుడు. అది పెద్దదై, దాని పిల్లలు పెద్దవాళ్లై, క్యాన్సరంటే ఏమిటమ్మా అని అడిగే రోజు వస్తుందేమో. రానీ. ఆ రోజు అది నా గురించి ఏం చెబుతుంది. మా తాతకు మందు పడిందని చెబుతుందా, ఎవరికో ఒకరికి ఉప్పునీళ్లు పడాలి కదా, మా తాతకు పడ్డాయి అని చెబుతుందా.

"వచ్చేసింది." మాస్టారి గొంతు. చూస్తే ఆయన దవడ కొట్టుకుంటోంది. భుజాలు కదులుతున్నాయి. "వణుకు వచ్చేసింది పెద్దాయనా. చలి. నాది అసలు సరుకే." పళ్లు టకటకలాడుతుంటే నవ్వుతున్నాడు, పరుగుపందెంలో తాడు తెంచినవాడిలా. నర్సమ్మ వచ్చి దుప్పటి కప్పింది, ఇంకొకటి కప్పింది. కొందరికి ఇలా చలిజ్వరం వస్తుంది, భయం లేదు అంది. భయం లేదట. భయమంతా ఈ కుర్చీలో ఉంటే ఆ కుర్చీకి ఎక్కడిది. ఒక మనిషి చలిజ్వరం చూసి ఇంకొక మనిషికి కడుపు మండటం ఎప్పుడైనా విన్నారా. నాకు మండింది. నేనూ వణకాలని చూశాను. పళ్లు బిగించి, వదిలి, వేళ్లు జాడించి. ఏసీ గాలి నా వైపుకు తిప్పమ్మా అని అడుగుదామనుకున్నాను. మా ఆవిడ నా మోకాలి మీద చిన్నగా కొట్టింది. "చిన్నపిల్లల వేషాలేమిటండీ."

తర్వాత ఏమైందో వరసగా చెప్పలేను. ముందు ఆయన నవ్వు ఆగింది. మాట ఏదో మొదలుపెట్టి, ఆ మాట మధ్యలో వదిలేశాడు, అంత పెద్ద గొంతువాడు. పెదాలు నేరేడుపండు తిన్న రంగుకు తిరిగాయి. ఆయన పక్కనున్న మిషను కూత మొదలుపెట్టింది. నర్సమ్మ నడిచిరాలేదు, పరుగెత్తింది. ఇంకో ఇద్దరొచ్చారు, డాక్టరమ్మ వచ్చింది, కుర్చీని పడుకోబెట్టేశారు, తెర సర్రున లాగేశారు. ఇక నాకు కనిపించింది తెరకింద కాళ్లు. తెల్లచెప్పుల కాళ్లు అటూఇటూ. వాటి మధ్య కుర్చీ అంచున మాస్టారి కాళ్లు రెండు, చెప్పుల్లేకుండా, ఎటూ కదలకుండా. ఒకరు బీపీ పడిపోయిందంటున్నారు. ఒకరు ఆక్సిజన్ అంటున్నారు. ఏదో చింపుతున్న చప్పుడు, ఏదో ట్రేలో పడిన చప్పుడు. మాస్టారి గొంతు లేదు. ఆ కాళ్లనే చూస్తున్నాను, బొటనవేలు కదిలితే చాలు అనుకుంటూ. అప్పుడొచ్చింది నా మనసులోకి ఆ మాట, పిలవకుండా, చెప్పులు విప్పకుండా. నాది ఉప్పునీళ్లయితే బాగుండు.

ఇంతసేపూ మందు మందని ఏడ్చినవాణ్ణి. క్షణంలో ఉప్పునీళ్ల కాళ్లమీద పడ్డాను. ఎవరి కోసమూ తయారుకాని, ఎవరి ముఖమూ ఎరగని, నోట్లో పోసుకుని పుక్కిలించే ఉప్పునీళ్లు. గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది. ఇది తేడానా. నాలిక మందంగా ఉంది. ఇది తేడానా. గుండె చెవిలో కొట్టుకుంటోంది. మందే పడి ఉంటుంది, అందుకే ఇలా, ఆయనకు ముందు పడింది కాబట్టి ముందు, ఇప్పుడు నా వంతు. లేదు, ఇద్దరిలో ఒకరికే కదా, ఆయనకు పడింది కాబట్టి నాకు పడలేదు, నాకేం కాదు. అంటే ఆయన ఆ తెర వెనక నా బదులు ఉన్నాడు. ఆటో వేళకు వచ్చి ఉంటే ఆ కాళ్లు నావి, ఇటు కూర్చుని చూసేది ఆయన. ఈ ఆలోచనకు నాకు కలిగింది ఊరట. సిగ్గుపడాల్సినంత ఊరట. ఆ వెంటనే, ఆ కాళ్లు బతికి బయటపడితే పదేళ్ల తర్వాత మైదానంలో నడిచేది అవేననీ, నా మడమ ఉండదనీ భయం. ఎటు తిరిగినా నిలబడటానికి చోటు లేదు. మా ఆవిడ సంచిలోంచి గ్లాసు తీసి నీళ్లు పోసి ఇచ్చింది. అందుకున్నాను. సగం చొక్కా మీద, సగం ఆవిడ చీర మీద.

ఇక దాచి లాభం లేదు. చేతులు వణికాయి. ఆకులా కాదు, ఆకుకు ఒక తీరుంటుంది. గతుకుల రోడ్డు మీద ఖాళీ పాలడబ్బాల్లా వణికాయి. ఇంత దూరం వచ్చాక ఆ భూకంపం సంగతి కూడా చెప్పేస్తాను. భూకంపం లేదు, ఇంజినీర్లూ లేరు. స్టూడియో కింది గదిలో పిండిమర ఉండేది. అది తిరగడం మొదలుపెడితే బల్లతో పాటు నేనూ వణికేవాణ్ణి. ఆ పెళ్లికూతురి కనుబొమ నొసటి దాకా పాకింది. మా యజమాని బల్లకింద దూరలేదు, బల్లెక్కి తిట్టాడు. మర ఆగాకే టచింగ్ చేసేవాణ్ణి, లేకపోతే రెండు మోచేతులూ కడుపుకు అదిమిపెట్టి. అదే చేశాను ఇప్పుడు కూడా. మోచేతులు కడుపుకు అదిమి, గ్లాసు రెండుచేతుల్తో పట్టుకుని, మిగిలిన గుక్క తాగాను. గొంతు దిగింది. గొంతు మూసుకుపోలేదు.

తెర తీశారు. ఎంతసేపటికో నాకు తెలియదు. మాస్టారు ముక్కుకు గొట్టంతో, మూడు దుప్పట్ల కింద, ముఖం తెల్లగా, కళ్లు తెరిచి ఉన్నాడు. నన్ను వెతుక్కుని చూశాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన పెదాలు కదిలాయి, వినపడలేదు. నర్సమ్మ వంగి విని, నా దగ్గరికొచ్చి చెప్పింది. "మీరెలా ఉన్నారని అడుగుతున్నారు తాతగారూ."

"బాగానే ఉన్నానని చెప్పమ్మా. ఆయనకు మందు పడింది, నాకు ఉప్పునీళ్లు పడ్డాయి, ఇద్దరి లెక్కా సరిపోయిందని చెప్పు."

ఆ అమ్మాయి పట్టీ సర్దుతున్నదల్లా ఆగి నావైపు చూసింది. "ఇద్దరి లెక్క ఏమిటి?"

చెప్పాను. ఇద్దరిలో ఒకరికి అన్నారు కదా, ఈయనకు చలి వచ్చింది కాబట్టి. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేక నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో తాతగారూ, ఇద్దరంటే మీరిద్దరూ కాదు. ఇంకా ఎన్నెన్ని ఊళ్లలో ఎంతమందో ఉన్నారు, అందరిలో సగం మందికని. మీ ఇద్దరికీ మందే పడి ఉండొచ్చు. ఇద్దరికీ ఉప్పునీళ్లే పడి ఉండొచ్చు. ఆయనకు ఇంతకుముందు ఎక్కించిన మందుకు కూడా ఇలా రావచ్చు. చలి రానంత మాత్రాన లేదని కాదు, వచ్చినంత మాత్రాన ఉందని కాదు."

మా ఆవిడ, "మేమింకా ఇద్దరి పేర్లూ రాసి చీటీ తీసినట్టు అనుకున్నామమ్మా" అంది. ఈయన అనకుండా, మేము అంది. ఆ మాట నాకు నచ్చింది. కానీ ఆ నవ్వులో నాకున్న ఆ కాస్త పట్టూ జారిపోయింది. ఇంతసేపూ నా భయానికి ఒక ముఖం ఉంది, ఎదుటి కుర్చీలో, మీసాలతో. ఆయనకుంటే నాకు లేదు, నాకుంటే ఆయనకు లేదు. ఇప్పుడు అదీ లేదు. నా జబ్బలో ఏముందో ఎవరి ముఖం చూసినా తెలియదు. ఎంతమందో, నేను చూడని ఊళ్లలో, ఇలాంటి కుర్చీల్లో, జబ్బలు తడుముకుంటూ. మూడు వారాలకు మళ్లీ రావాలి, మళ్లీ కాగితం చుట్టిన సిరంజి. ఆ తర్వాత మళ్లీ. ఆ తర్వాత ఏళ్లు, ఒక్కో స్కాన్ తీయించుకుంటూ. నల్లటి ఫిల్ము మీద తెల్ల చుక్క కనిపిస్తుందేమోనని. కనిపిస్తే దాన్ని మూయడానికి నా దగ్గరున్న పెన్సిళ్లేవీ పనికిరావు.

నర్సమ్మ జ్వరం చూసింది. మామూలుగానే ఉందంది. ఇంకోసారి చూడమన్నాను. మళ్లీ చూసింది, మళ్లీ అంతే. మంచిదే కదా తాతగారూ అంది. మంచిదేనమ్మా అన్నాను. మంచిదో చెడ్డదో చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. కిటికీ అవతల ఒకాయన కారు వెనక్కి తీయలేక తంటాలు పడుతున్నాడు, కాస్త ముందుకు, కాస్త వెనక్కి. మాస్టారు నిద్రలోకి జారుకున్నాడు. దుప్పట్ల కింద ఛాతీ లేస్తోందా లేదా అని నేను చూస్తున్నాను. లేస్తోంది. నా ఛాతీ సంగతి మర్చిపోయి దాన్నే చూస్తున్నాను. అప్పుడు మా ఆవిడ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, సంచి నేలమీద పెట్టి, నా నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. ఆనించి, "మిషన్లకేం తెలుసండీ. వెచ్చగా ఉంది. మందే పడింది" అంది.

ఇంతా చెప్పాక ఒక్క ముక్క ఒప్పుకోవాలి. ఆవిడ వెచ్చగా ఉందని అనలేదు. మందే పడిందనీ అనలేదు. అంటుందేమోనని నేను చూశాను, అనలేదు. అందుకని ఆ మాట నేనే కల్పించి ఇక్కడ పెట్టాను. ఆవిడ చేసింది చెయ్యి పెట్టడం ఒక్కటే. గంట అయిపోయింది లేవండి తాతగారూ అని నర్సమ్మ వచ్చి పట్టీ విప్పేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. విప్పాక కూడా కాసేపు తియ్యలేదు.